మిక్సర్‌లోకి నేరుగా పోయే గిటార్‌కి లీడ్ టోన్: నెల్లూరు స్టేజీల మీద నా అనుభవం

నెల్లూరు చుట్టుపక్కల ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడికి ఆంప్ (గిటార్ శబ్దం పెంచే స్పీకరు పెట్టె) అనేది ఇంట్లో ఉండే వస్తువు, స్టేజీ మీద కనపడదు. పెళ్ళయినా, తిరునాళ్ళయినా, వినాయక చవితి పందిరయినా సౌండ్ వాళ్ళు రెండు పక్కలా బాక్సులు పేరుస్తారు, కీబోర్డుకి రెండు లైన్లు, ప్యాడ్స్‌కి (ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌కి) రెండు లైన్లు, పాడేవాళ్ళకి మైకులు ఇస్తారు, మనకి మాత్రం ఒక పొడుగాటి కేబుల్ చేతిలో పెట్టి "ఇది గుచ్చుకో అన్నా" అనేసి పోతారు. ఆ కేబుల్ అవతలి కొస ఎక్కడుందన్న దాన్ని బట్టే మన లీడ్ టోన్, అంటే సోలో బిట్ల శబ్దం, సగం తేలిపోతుంది. యూట్యూబ్‌లో చూసి మనం మోజుపడే పెడల్ (కాలితో తొక్కి గిటార్ శబ్దం మార్చే పెట్టె) వీడియోలు దాదాపు అన్నీ మంచి ఆంప్ ముందు మైకు పెట్టి తీసినవే. ఇక్కడ అదే పెడల్ నేరుగా మిక్సర్‌లోకి పోతుంది. కోవూరు దగ్గర ఒక పెళ్ళి రిసెప్షన్‌లో ఇది నాకు బాగా తెలిసొచ్చింది.

నాది యమహా పసిఫికా 112. తీగల కదలికని పట్టే పికప్‌లు మూడు: బ్రిడ్జి దగ్గర హమ్‌బకర్ (రెండు కాయిల్స్‌ది), మిగతా రెండూ సింగిల్ కాయిల్. దానికి శబ్దాన్ని గరుకు చేసే, అందరి దగ్గరా ఉండే ఒక డిస్టార్షన్ పెడల్, ఇంట్లో చిన్న ట్రాన్సిస్టర్ ఆంప్. ఇంట్లో వింటే లీడ్ కమ్మగా ఉండేది, నోట్ పట్టుకుంటే అలా సాగేది. కోవూరులో రెండో పాటలో నా బిట్ వచ్చింది, పెడల్ తొక్కాను, మొదటి బెండ్ (తీగని పక్కకి లాగి స్వరం పెంచడం) పూర్తి కాకముందే మిక్సర్ దగ్గరి అన్న తల ఎత్తాడు. పాట అయ్యాక మైకులోనే అడిగాడు: "ఏందబ్బాయ్, తేనెతుట్టె కదిలించినావా ఏంది?" ముందు వరసలో పెళ్ళివాళ్ళు కూడా నవ్వారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు, అచ్చం అలాగే ఉంది.

పెడల్ పాడయిందేమోనని ఇంటికొచ్చి మళ్ళీ ఆంప్‌కి పెట్టి చూస్తే, శుభ్రంగా ఉంది. గొడవ పెడల్‌ది కాదు, స్పీకర్‌ది. గిటార్ ఆంప్‌లో ఉండే పన్నెండంగుళాల స్పీకరు సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక శబ్దాన్ని గబగబా తగ్గించేస్తుంది. స్టేజీ బాక్సుల్లో పైన హారన్ ఉంటుంది కదా, పాట, తాళం, గాజుల చప్పుడు కూడా స్పష్టంగా వినపడాలని చేసినవి కాబట్టి అవి 15 కిలోహెర్ట్జ్ దాకా దేన్నీ వదలకుండా వినిపిస్తాయి. గిటార్ మీద లావు తీగ వదిలి మీటితే 82 హెర్ట్జ్, సన్న తీగ మీద 22వ ఫ్రెట్ నొక్కితే సుమారు 1175 హెర్ట్జ్. అసలు స్వరాలన్నీ ఆ మధ్యలోనే ఉన్నాయి. ఆ పైన వచ్చేదంతా హార్మోనిక్సే (అసలు స్వరానికి రెండింతలు, మూడింతలు ఎత్తులో మోగేవి), డిస్టార్షన్ తరంగం తల కోసేకొద్దీ అవి ఇంకా ఇంకా పైకి పుట్టుకొస్తాయి. ఆంప్ స్పీకరు వాటిని మింగేస్తుంది కాబట్టి మనకు కమ్మగా వినిపిస్తుంది, స్టేజీ బాక్సు మింగదు. అంటే గిటార్ స్పీకరు కూడా టోన్ తయారుచేసే సామానే, పెడల్ ఎంతో అదీ అంతే.

మిక్సర్‌లో హై నాబ్ తగ్గిస్తే సరిపోదా అంటారు. తగ్గించి చూశాం. చాలా మిక్సర్లలో ఆ నాబ్ పనిచేసేది 10, 12 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల, మన చెవిని గీరేదేమో 4 నుంచి 7 మధ్యలో ఉంటుంది. నాబ్ పూర్తిగా తిప్పేసినా గీరుడు పోదు, క్లీన్ (డిస్టార్షన్ లేని) టోన్‌లో ఉన్న మెరుపు మాత్రం పోతుంది.

దీనికి అన్నిటికన్నా మంచి మందు ఆంప్‌నే మోసుకుపోవడం. బుచ్చిరెడ్డిపాళెంలో ఒక ప్రోగ్రాంకి ఆటోలో వేసుకుని పోయా. తెలిసిన వాళ్ళ దగ్గర షూర్ ఎస్ఎం57 మైకు అడిగి తెచ్చుకున్నా. 1965 నుంచీ తయారవుతున్న మైకు అది, గిటార్ ఆంప్ ముందు ప్రపంచమంతా పెట్టేది దాన్నే. ఆంప్‌ని కుర్చీ మీద పెట్టి, జాలీకి ఆనించినంత దగ్గరగా మైకు పెట్టి, కీబోర్డు అన్నని ఏదో ఒకటి వాయించమని గిటార్ ఇచ్చి, నేను బాక్సుల ముందు నిలబడి విన్నా. ఆయనకి వచ్చింది ఒక్క ఈ మైనర్ కార్డ్, అదే చాలు. మైకు సరిగ్గా స్పీకరు నడిమధ్య బొడిపెకి ఎదురుగా ఉన్నప్పుడు శబ్దం గుచ్చుకుంటోంది. ఒక పిల్లాడిని పెట్టి మైకుని వేలెడంత పక్కకి, అంటే బొడిపె అంచు దాటి కాగితం కోన్ మొదలయ్యే చోటికి జరిపించా. అంతే, నాబ్ ఒక్కటీ తిప్పకుండానే పదును దిగిపోయి నోట్‌కి ఒళ్ళు వచ్చింది. ఇంకా అంచుకు జరిపితే మబ్బు పట్టింది. మళ్ళీ వెనక్కి తెచ్చి అక్కడే టేపు వేయించా. ఆ రోజు నా గిటార్ విని నేనే మురిసిపోయా, అది వేరే సంగతి.

కానీ ప్రతి ప్రోగ్రాంకీ ఇది కుదిరే పని కాదు. స్టేజీ మీద చోటుండదు, సౌండ్ వాళ్ళ దగ్గర ఉండేవి పాడే మైకులే, పైగా ఆంప్ మైకులో పక్కనున్న ప్యాడ్స్ మానిటర్ కూడా దూరిపోతుంది. అందుకని ఆంప్‌ని, స్పీకర్‌ని కలిపి అనుకరించే పెడల్ ఒకటి వెతికా. చివరికి జోయో అమెరికన్ సౌండ్ తీసుకున్నా. ఫెండర్ తరహా ఆంప్ శబ్దం ఇస్తుంది, పెడల్ బోర్డులో ఓవర్‌డ్రైవ్ (తేలికపాటి డిస్టార్షన్) పెడల్ తర్వాత పెట్టి దాన్నుంచి మిక్సర్‌కి లైన్ ఇస్తే ఆ పై గీరుడంతా అక్కడే ఆగిపోతుంది. డబ్బులు ఎక్కువ పెట్టగలిగినవాళ్ళు ఐఆర్ లోడర్లు కొంటున్నారు. అవి నిజం క్యాబినెట్ ముందు మైకు పెట్టి కొలిచిన ఫైలును వాడతాయి, ఇంకా సహజంగా ఉంటాయి. మల్టీ ఎఫెక్ట్స్ (చాలా పెడల్స్ ఒకే పెట్టెలో) ఉన్నవాళ్ళకి అందులోనే క్యాబ్ అనే బ్లాకు ఉంటుంది, స్పీకరు క్యాబినెట్‌ని అనుకరించేది అదే. ఇంట్లో ఆంప్‌కి పెట్టుకునేటప్పుడు దాన్ని ఆపేసి, స్టేజీ మీద ఆన్ చేయడం మర్చిపోయేవాళ్ళని చాలామందిని చూశా. ఎవరైనా "నా మల్టీ ఎఫెక్ట్స్ ప్రోగ్రాంలో ప్లాస్టిక్ లాగా మోగుతోంది" అంటే నేను ముందు అడిగేది ఆ బ్లాకు సంగతే.

తేనెతుట్టె పోయింది. అయినా లీడ్ ముందుకు రాలేదు. ఫోన్‌లో తీసిన వీడియోలు వింటే నేను వాయిస్తున్నట్టు వేళ్ళు కనపడుతున్నాయి, శబ్దం కీబోర్డు కింద ఎక్కడో ఉంది. ఇక్కడ రెండో సంగతి. నేను టోన్ పెట్టుకునేది రాత్రి పదింటికి, ఇంట్లో అందరూ పడుకున్నాక, మెల్లగా. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు మనిషి చెవి మీద ఒక పరిశోధన ప్రచురించారు. శబ్దం మెల్లగా ఉన్నప్పుడు మన చెవికి బేస్, బాగా పైనుండే ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి, శబ్దం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతూ వస్తుంది. కాబట్టి ఇంట్లో మెల్లగా వింటూ "నిండుగా లేదే" అని బేస్ పెంచుతాం, ట్రెబుల్ పెంచుతాం, మిడ్స్ (నడిమి శబ్దం) తగ్గిస్తాం. అదే సెట్టింగుతో స్టేజీ మీద పెద్ద శబ్దంలో మోగిస్తే బేస్ వెళ్ళి బేస్ గిటార్‌తోనూ కిక్ డ్రమ్‌తోనూ కొట్టుకుంటుంది, ట్రెబుల్ వెళ్ళి తాళాల్లో కలుస్తుంది, గిటార్ ఉండాల్సిన నడిమి భాగం ఖాళీ. ఇంట్లో ఒంటరిగా వింటే ముక్కుతో మాట్లాడినట్టు, కాస్త వికారంగా ఉండే టోనే బ్యాండు మధ్యలో చక్కగా నిలబడుతుంది. ఇది నమ్మడానికి నాకు టైం పట్టింది. ఇప్పుడైతే టోన్ పెట్టుకునేది రిహార్సల్‌లో, ప్యాడ్స్, కీబోర్డు మోగుతుండగా, ప్రోగ్రాం వాల్యూముకి దగ్గరగా పెట్టించి మాత్రమే. అమెరికన్ సౌండ్‌లో, గడియారం ముల్లు లెక్కన, లో నాబ్ పది గంటల దగ్గర, మిడ్ రెండు గంటల దగ్గర, హై పన్నెండుకి కొంచెం తక్కువ, డ్రైవ్ తొమ్మిది. విడిగా వింటే ఎవరికీ నచ్చదు.

మూడోది గెయిన్, అంటే డిస్టార్షన్ ఎంత పెట్టామన్నది. దీని మీద మా వాళ్ళతో నాకు ఎప్పుడూ వాదనే, గెయిన్ ఎక్కువుంటే లీడ్ బాగా సాగుతుందని అందరికీ ఒక నమ్మకం. సాగుతుంది, నిజమే, కానీ డిస్టార్షన్ పెరిగేకొద్దీ మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకే ఎత్తులో వస్తుంది, నోట్ మొదట్లో వచ్చే ఆ దెబ్బ అణిగిపోతుంది, చెవి పట్టుకునేది ఆ దెబ్బనే. చెన్నైలో ఒక జామ్ రూంలో నిజం ట్యూబ్ ఆంప్ (పాతకాలం వాల్వులతో నడిచేది) ఉందని తెలిసి పొద్దున పినాకిని రైలు ఎక్కి పోయా, గంటకింత అని అద్దెకిస్తారు. మార్షల్ డీఎస్ఎల్40, ఈఎల్34 ట్యూబులు, పన్నెండంగుళాల స్పీకరు ఒకటే. నలభై వాట్లే కదా అనుకుంటాం గానీ ఆ గదిలో మాస్టర్ వాల్యూము సగం కూడా తిప్పలేకపోయాం. అక్కడ పనిచేసే తమ్ముడు నా డిస్టార్షన్ పెడల్ పక్కన పెట్టించి ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్ ఇచ్చాడు, ఐబనీజ్ టీఎస్9. డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ మూడొంతులు పైకి, ఆంప్ అప్పటికే కొంచెం కరకరలాడే చోట ఉంది. తొక్కితే వాల్యూము పెద్దగా పెరగలేదు గానీ నోట్ దగ్గరకొచ్చి నిలబడింది, లావు తీగల మీద బురద పోయింది.

ఎందుకో తర్వాత చదువుకున్నా. ట్యూబ్ స్క్రీమర్‌లో క్లిప్పింగ్ (తరంగం తల కోయడం) జరిగే చోట సుమారు 720 హెర్ట్జ్ కింది శబ్దానికి గెయిన్ తగ్గుతూ పోతుంది, ఆ తర్వాత టోన్ భాగం పైనున్నదాన్ని కోస్తుంది, మిగిలేది నడిమి గూని. బేస్ తక్కువగా ఆంప్‌లోకి పోతుంది కాబట్టి ఆంప్ దాన్ని ముద్దచేయదు. 1970ల చివర్లో టీఎస్808 వచ్చింది, 1982లో టీఎస్9 వచ్చింది, ఆ సర్క్యూట్‌నే కాపీ కొట్టిన చవక పెడల్స్ బోలెడు. నేను వాడేది కూడా అలాంటిదే. పెడల్ కన్నా అది దేన్ని నెడుతోందన్నది ముఖ్యం. పూర్తిగా క్లీన్‌గా ఉన్న లైన్‌లోకి ట్యూబ్ స్క్రీమర్ ఒక్కటే పెట్టి డ్రైవ్ మొత్తం తిప్పితే పలచగా మోగుతుంది, "ఇంతేనా దీని గొప్ప" అనిపిస్తుంది. దాని వెనక కాస్త కరకరలాడే ఆంప్, లేదా ఆంప్‌ని అనుకరించే పెడల్ ఉండాలి.

సోలోకి శబ్దం పెంచుకోవడం ఇంకో ముడి. డిస్టార్షన్‌కి ముందు బూస్ట్ (శబ్దం పెంచే పెడల్) పెడితే గెయిన్ పెరుగుతుంది, వాల్యూము పెరగదు, ఎందుకంటే తరంగం తల అప్పటికే కోసేసి ఉంది, ఎంత నెట్టినా పైకి లేవదు. వాల్యూము కావాలంటే బూస్ట్ అన్ని డిస్టార్షన్‌ల తర్వాత ఉండాలి. నేను బాస్ కంపెనీ జీఈ-7 ఈక్వలైజర్‌ని అమెరికన్ సౌండ్ తర్వాత, డిలేకి (వాయించినదాన్ని కాస్త ఆగి మళ్ళీ వినిపించే పెడల్‌కి) ముందు పెట్టా. అందులో 100 హెర్ట్జ్ నుంచి 6.4 కిలోహెర్ట్జ్ దాకా ఏడు మీటలు ఉంటాయి. 800 దగ్గరిది కొంచెం పైకి, 100 దగ్గరిది బాగా కిందికి, 6.4 కొంచెం కిందికి, లెవెల్ మూడు నాలుగు డెసిబెల్స్ పైకి. పాటలో ఆ పెడల్ ఆఫ్, సోలోకి ఆన్. ఇక్కడొక జాగ్రత్త, సౌండ్ చెక్‌లో బూస్ట్ ఆన్ చేసే వినిపించాలి, ఆఫ్‌లో వినిపిస్తే మిక్సర్ అన్న గెయిన్ పెంచి పెట్టుకుంటాడు, సోలోలో ఎర్ర లైటు వెలుగుతుంది, వెంటనే ఫేడర్ లాగేస్తాడు, మనం చేసిందంతా గంగపాలు.

కీబోర్డు అన్నతో మాట్లాడుకోవడం ఏ పెడల్‌కన్నా ఎక్కువ పనిచేసింది. మన సినిమా పాటల ఆర్కెస్ట్రాలో వీణ, వయొలిన్లు, ఫ్లూటు అన్నీ ఆయన రెండు చేతుల్లోనే ఉంటాయి, పాట మొదలైంది మొదలు స్ట్రింగ్స్ పరుచుకునే ఉంటాయి, సరిగ్గా గిటార్ లీడ్ ఉండే చోటే.

"అన్నా, నా బిట్ వచ్చినప్పుడు స్ట్రింగ్స్ కాస్త తీసెయ్యవా?"

"తీసేస్తే బోసిగా ఉంటదిరా."

"ఎడమచేయి ఉండనీ. కుడిచేయి ఒక ఆక్టేవ్ పైకి పోనీ, లేకపోతే వాల్యూం పెడల్ మీద కాలు తగ్గించు."

మొదట్లో గునిశాడు. ఒక రిహార్సల్ రికార్డు చేసి వినిపించాక తనే "ఇక్కడ కూడా తగ్గిస్తాలే" అని ఇంకో రెండు చోట్లు చెప్పాడు.

ఇక కరెంటు. మన దగ్గర మెయిన్స్ 50 హెర్ట్జ్, సింగిల్ కాయిల్ పికప్ ఆ హమ్‌ని పట్టేస్తుంది, డిస్టార్షన్ దాన్ని పెద్దది చేస్తుంది. స్టేజీ లైట్ల డిమ్మర్లు తోడైతే చెప్పక్కర్లేదు. అందుకే లీడ్‌కి నేను బ్రిడ్జి హమ్‌బకరే వాడతా. అందులో రెండు కాయిల్స్ ఎదురెదురుగా చుట్టి ఉండటంతో హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 1955లో గిబ్సన్‌లో సెత్ లవర్ చేసింది ఇందుకే. ఒకే అడాప్టర్ నుంచి గొలుసు కేబుల్‌తో డిజిటల్ డిలేకి, మిగతా పెడల్స్‌కి కలిపి కరెంటు ఇస్తే కీచుమనే సన్న శబ్దం రావచ్చు. విడివిడి అవుట్‌పుట్లున్న సప్లై కొన్నాక నాకు పోయింది.

హమ్ కన్నా భయపడాల్సింది ఎర్త్ విషయంలో. జనరేటర్ నుంచి వైరు లాగి, టూ పిన్ ఎక్స్‌టెన్షన్ బాక్సులు వేసిన స్టేజీ మీద, ఎడమచేయి తీగల మీద ఉండగా కోరస్ పాడదామని మైకు దగ్గరికి పోతే పెదవికి చురుక్కున కొట్టింది. మైకు ఒక లైన్ ఎర్త్‌లో, నా గిటార్ ఇంకో దాంట్లో ఉంటే మధ్యలో వైరు మనమే. అప్పట్నుంచి సంచిలో మల్టీమీటర్ ఉంటుంది. ఏసీ వోల్టేజ్‌లో పెట్టి, ఒక మొన మైకు జాలీకి, ఒక మొన తీగలకి ఆనించి చూస్తా. గట్టిగా వోల్టేజ్ చూపిస్తే సౌండ్ వాళ్ళని పిలిచి అందరి సప్లై ఒకే బోర్డు నుంచి, ఎర్త్‌తో సహా ఇప్పిస్తా. హమ్ పోవాలని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసే మహానుభావులున్నారు. ఆ పని ఎప్పుడూ చేయొద్దు, ప్రాణాల మీదికొస్తుంది. గిటార్ లైన్‌ని మిక్సర్‌కి కలిపే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ అని ఒక మీట ఉంటుంది, అది ఆడియో వైరు వరకే తెంపుతుంది, దాన్ని వాడుకోవచ్చు.

డిలే లీడ్‌కి తీపి తెస్తుంది, నిజమే. 60000ని పాట బీపీఎంతో (నిమిషానికి ఎన్ని బీట్లో దాంతో) భాగిస్తే ఒక బీట్‌కి ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది, దాంట్లో ముప్పావు పెడితే డాటెడ్ ఎయిత్. 90 బీపీఎం పాటకి బీట్ 667, ముప్పావు 500. మెలోడీలకి ఇది చక్కగా కూర్చుంటుంది, రెండు మూడు మోతలు, మిక్స్ తక్కువ. కల్యాణమండపాల్లో గోడలే సరిపడా మోగుతాయి, అక్కడ రివర్బ్ పూర్తిగా ఆపేసి డిలే కూడా సగానికి దించుతా. ఆరుబయట తిరునాళ్ళలో శబ్దం గాలికి పోతుంది, అక్కడ కాస్త పెంచుకోవచ్చు.

చేతి సంగతి ఎంత చెప్పినా తక్కువే కాబట్టి తక్కువే చెప్తా. గెయిన్ తగ్గించాక బెండ్ సరిగ్గా శ్రుతికి చేరకపోతే దాక్కోడానికి చోటుండదు. మన పాటల్లో గమకం మీద నడిచే బిట్లకి 9 సైజు సన్న తీగలే నాకు బాగున్నాయి. ఈ ఉప్పుగాలికి, చెమటకి తీగలు త్వరగా తుప్పు పడతాయి, పట్టాయంటే మోత చచ్చిపోతుంది, ఏ ట్రెబుల్ నాబూ దాన్ని తిరిగి తేలేదు. ప్రోగ్రాం అయ్యాక పొడిబట్టతో తుడిచి సంచిలో పెట్టడం అలవాటు చేసుకున్నా.

ఏది ముందు కొనాలి అని ఆర్కెస్ట్రా కుర్రాళ్ళు అడుగుతుంటారు. మిక్సర్‌లోకి నేరుగా పోయేవాడైతే ముందు క్యాబ్ అనుకరణ ఉన్నది ఏదో ఒకటి, పాత మల్టీ ఎఫెక్ట్స్ సెకండ్ హ్యాండ్‌లో దొరికినా సరే. తర్వాత ట్యూబ్ స్క్రీమర్ రకం పెడల్ ఒకటి, చవకదే. ఆ తర్వాత ఈక్వలైజర్. డిలే ఆఖర్న, అప్పటిదాకా మిక్సర్‌లో ఉన్న ఎకోనే కాస్త వేయమని అడగొచ్చు, సౌండ్ అన్నలు మంచివాళ్ళే, టీ తాగేటప్పుడు అడిగితే వేస్తారు. రెండో డిస్టార్షన్ పెడల్ మాత్రం ఇప్పుడే కొనొద్దు.